ప్లాస్టిడ్ ట్రాన్స్‌ఫర్మేషన్ వర్క్‌షాప్: గన్ పేల్చారు సరే, తర్వాత సంగతేంటి?

ముందే చెప్పేస్తాను. టిష్యూ కల్చర్ చేతిపని నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఈ వర్క్‌షాప్ బాగుంటుంది, కట్టిన డబ్బుకి న్యాయం జరిగినట్టే. ప్లాస్టిడ్‌లోకి (అంటే మొక్క కణంలో పచ్చటి క్లోరోప్లాస్టు లాంటి అరలోకి) బయటి జన్యువు ఎక్కించడం నేర్చుకుందామని వెళ్తే మాత్రం సగం పని చూసి వచ్చేస్తారు, అదీ తేలికైన సగం. ఐదుకి మూడు ఇస్తున్నాను, ఆ మూడింట్లో ఒకటి ల్యాబ్‌లో మా చేతులు సరిచేసిన మేడమ్ గారికే.

పేరు రాయట్లేదండి. కడియం వైపు కొత్తగా పెట్టిన ప్రైవేటు ల్యాబ్, నడిపేవాళ్ళు కుర్రాళ్ళు, వచ్చే బ్యాచ్‌కి సరిదిద్దుకుంటారేమో. పైగా వేసవి సెలవులొస్తే చాలు మా వాట్సాప్ గ్రూపుల నిండా ఇలాంటి పోస్టర్లే కాబట్టి, కింద రాసినవి ఏ వర్క్‌షాప్‌కైనా ఫీజు కట్టే ముందు అడగడానికి పనికొస్తాయి.

నేను డిగ్రీ పిల్లలకి బాటనీ చెప్తాను. క్లోరోప్లాస్ట్ ఇంజనీరింగ్ గురించి ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పడమే గానీ ఒక్కసారైనా దగ్గరుండి చూసింది లేదు, అందుకే వెళ్ళాను. మాతో పాటు ఎమ్మెస్సీ పిల్లలు, నాలాంటి లెక్చరర్లు, కడియం నర్సరీ ఆయన ఒకరు, ఇంకా మార్టేరు వైపు నుంచి కూతుర్ని దింపడానికి వచ్చి "ఎలాగూ వచ్చాను కదా" అని వెనక బెంచీలో కూర్చుండిపోయిన ఒక విత్తనాల రైతు. నిజం చెప్పాలంటే అందరికంటే మంచి ప్రశ్నలు ఆయనే అడిగారు.

మొదటి రోజు పాఠం బాగానే సాగింది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆకు కణంలో న్యూక్లియస్ ఒకటే ఉంటుంది, క్లోరోప్లాస్టులు మాత్రం వంద దాకా ఉండొచ్చు, ఒక్కో దాంట్లో దాని సొంత డీఎన్‌ఏ కాపీలు పదుల కొద్దీ ఉంటాయి కాబట్టి కణం మొత్తానికి లెక్కేస్తే పదివేల దాకా పోతుంది. అంటే జన్యువుని న్యూక్లియస్‌లో కాకుండా ప్లాస్టిడ్‌లో పెడితే అన్ని కాపీలూ పనిచేసి ప్రోటీన్ కుప్పలు తెప్పలుగా వస్తుంది. ఇంకో లాభం, చోటు మన చేతిలో ఉంటుంది. న్యూక్లియస్‌లోకి పంపిన జన్యువు మామూలుగా ఎక్కడ అతుక్కుంటుందో తెలియదు. ప్లాస్టిడ్ ఒకప్పటి సయనోబాక్టీరియా వారసత్వమే కదా, బాక్టీరియాలో లాగే ఒకే వరుస ఉన్న ముక్కల్ని వెతుక్కుని మార్చుకునే అలవాటు దానికి ఉంది. మన జన్యువుకి రెండు వైపులా ప్లాస్టిడ్ సొంత వరుస ఓ వెయ్యి డీఎన్‌ఏ అక్షరాల చొప్పున తగిలించి పంపితే సరిగ్గా ఆ చోటికే వెళ్ళి కూర్చుంటుంది. పొగాకు ప్లాస్టిడ్ డీఎన్‌ఏ మొత్తం, అంటే దాదాపు 1,56,000 అక్షరాలు, జపాన్ వాళ్ళు 1986లోనే చదివేశారు, కాబట్టి ఎక్కడ దించాలో ముందే చూసి పెట్టుకోవచ్చు.

చరిత్ర చెప్పేటప్పుడు కాస్త పరుగు పెట్టారు. 1988లో బాయ్న్‌టన్, గిల్హమ్ వాళ్ళ బృందం క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ నాచులో చేసి చూపించారు, 1990లో మలిగా బృందం పొగాకులో సాధించింది. రెంటికీ ఆయుధం ఒకటే, కార్నెల్‌లో శాన్‌ఫర్డ్ వాళ్ళు కనిపెట్టిన జీన్ గన్, అంటే డీఎన్‌ఏ పట్టించిన సన్నటి లోహపు రేణువుల్ని కణాల్లోకి కొట్టే యంత్రం. అది మొదట్లో నిజంగానే తుపాకి మందుతో పేలేదట, ఉల్లిపాయ పొరల మీద ప్రయోగించి చూశారు. ఈ ఉల్లిపాయ సంగతి స్లైడ్‌లో లేదు, నేనే పక్కన కూర్చున్న పిల్లలకి చెప్పాను, వాళ్ళకి గుర్తుండిపోయింది అదొక్కటే అనుకుంటా.

పొగాకే ఎందుకు అంటే మన జిల్లాలో ఎవరికీ పెద్దగా వివరించక్కర్లేదు. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే పెట్టారు, గోదావరి లంకల్లో చుట్ట పొగాకు పండిస్తూనే ఉన్నారు. ల్యాబ్ మనిషికి పొగాకు ఇష్టం కావడానికి కారణాలు వేరే: ఆకు ముక్క నుంచి తేలిగ్గా మొలకలు వస్తాయి, ఒక్క చెట్టుకే లక్షల్లో విత్తనాలు, తిండి పంట కాదు కాబట్టి పొరపాటున ఎవరి కంచంలోకీ చేరదు. వీళ్ళు వాడింది పెటిట్ హవానా రకం, సీసాల్లో క్రిములు లేకుండా పెంచినది. సీసాలు చూడగానే నాకు నమ్మకం కుదిరింది, ఒక్కదాంట్లో కూడా బూజు లేదు.

ఇక గన్ రోజు. మేడమ్ గారు నేర్పిన పద్ధతి నిజంగా మెచ్చుకోవాలి. ఆకుని ప్లేటు మధ్యలో అడుగు వైపు పైకి ఉండేలా పరచాలి, మీడియాకి, అంటే ప్లేటులో పోసిన పోషకాల జెల్లీకి, బాగా అంటుకునేలా పరచాలి, లేకపోతే దెబ్బకి ఎగిరిపోతుంది. 0.6 మైక్రాన్ బంగారు రేణువులకి డీఎన్‌ఏ పట్టించడం, కాల్షియం క్లోరైడ్, స్పెర్మిడిన్ కలిపి, వోర్టెక్స్ మీద పెట్టి, ఆల్కహాల్‌తో కడిగి. ఇక్కడ రేణువులు ముద్ద కడితే మొత్తం షాట్ వృథా. ఆవిడ ఒక్కొక్కరి దగ్గర నిలబడి ట్యూబు వెలుతురులో పెట్టి చూపించి "ఇదిగో ఇలా పల్చగా పరుచుకోవాలి, గడ్డలు కనిపిస్తే మళ్ళీ కలపండి" అని ఓపిగ్గా చెప్పారు. ఇది ఏ పుస్తకంలో చదివినా రాదు. ఈ ఒక్క పూట కోసం మళ్ళీ వెళ్ళమన్నా వెళ్తాను.

తర్వాత హీలియం. వ్యాక్యూమ్ 28 అంగుళాల దాకా లాగి, 1100 పీఎస్ఐ దగ్గర గ్యాసుని ఆపి ఉంచే రప్చర్ డిస్క్ అనే పల్చటి బిళ్ళ పగిలి, టప్‌మని చప్పుడు, అంతే, పిల్లలంతా చప్పట్లు, వీడియోలు. మధ్యలో కరెంటు పోయి వ్యాక్యూమ్ పంపు ఆగిపోయింది, జనరేటర్ ఎత్తుకునేసరికి ఒక ఆకు వాడిపోయి పారేయాల్సి వచ్చింది. ఏసీ కూడా లేకుండా ఆ గదిలో ఎండాకాలం... సరే, మన కోస్తాలో మే నెలలో ఎవరినీ ఏమీ అనలేం. నా ఫిర్యాదు వేరే. పోస్టర్‌లో "ప్రతి ఒక్కరికీ స్వయంగా చేసే అవకాశం" అని రాసి, తీరా అక్కడికెళ్ళాక బ్యాచ్‌కి ఒక షాట్ అన్నారు. బంగారం, డిస్కులు ఖరీదు, దిగుమతి సరుకు, అది నాకూ తెలుసు. అలాంటప్పుడు పోస్టర్‌లోనే "బ్యాచ్‌కి ఒకటి" అని రాస్తే పోయేదేముంది? దూరం నుంచి లాడ్జి అద్దె కట్టుకుని వచ్చిన పిల్లలు ఒకరి భుజం మీంచి ఒకరు చూసి వెళ్ళారు.

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది, వర్క్‌షాప్ ఏమో ఇక్కడే అయిపోతుంది.

గన్ పేల్చాక ఆకుని రెండు రోజులు చీకట్లో ఉంచి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, లీటరుకి 500 మిల్లీగ్రాముల స్పెక్టినోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉన్న మీడియా మీద పెడతారు. మనం పంపిన వాటిలో ఏఏడీఏ అనే జన్యువు కూడా ఉంటుంది, అది ఆ మందు నుంచి కాపాడుతుంది. మిగతా ఆకంతా వారాల్లో తెల్లగా పాలిపోతుంది, జన్యువు ఎక్కిన చోట మాత్రం పచ్చటి మొలక వస్తుంది, దానికి తక్కువలో తక్కువ మూడు నాలుగు వారాలు. వారం కూడా లేని కోర్సులో ఇది ఎలాగూ చూపించలేరు, ఒప్పుకుంటాను. అందుకే పాత బ్యాచ్ ప్లేట్లు తీసి చూపించారు. తెల్లటి ముక్కల మీద పచ్చటి మొలకలు, చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. "ఇవన్నీ ట్రాన్స్‌ప్లాస్టోమిక్ మొక్కలే" అన్నారు సార్ గారు, అంటే ప్లాస్టిడ్‌లో బయటి జన్యువు ఎక్కినవని.

అన్నీ ఎలా అవుతాయండీ? స్పెక్టినోమైసిన్‌కి లొంగని మొలకలు మన జన్యువు లేకుండానే వస్తాయి, ప్లాస్టిడ్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో ఒక్క అక్షరం తనంతట తాను మారినా చాలు. ఇది కొత్త సంగతి కాదు, ఈ పని మొదలైన రోజుల నుంచీ అందరూ పడుతున్న తలనొప్పే. దీనికి విరుగుడు కూడా తేలికే. ఏఏడీఏ ఉన్న మొక్క స్పెక్టినోమైసిన్‌నీ తట్టుకుంటుంది, స్ట్రెప్టోమైసిన్‌నీ తట్టుకుంటుంది. తనంతట తాను మారిన మొక్క సాధారణంగా మొదటిదాన్నే తట్టుకుంటుంది. కాబట్టి రెండు మందులూ కలిపిన ప్లేటు మీద ఆకు ముక్క పెడితే దొంగలు బయటపడతారు. అలాంటి ప్లేట్లు ఉన్నాయా అని అడిగితే "ఈసారి పోయలేదు మేడమ్" అన్నారు. స్ట్రెప్టోమైసిన్ ఏమీ బంగారం కాదు, ఆ ఒక్క ప్లేటు పోసి ఉంటే పిల్లలకి ఆ రోజే తేడా కళ్ళతో కనిపించేది.

పీసీఆర్, అంటే కావాల్సిన డీఎన్‌ఏ ముక్కని కాపీలు తీసి అది ఉందో లేదో చూసే పరీక్ష, చూపించారు. బ్యాండ్ వచ్చింది, మళ్ళీ చప్పట్లు. ఆ ముక్క రెండు కొసల్నీ పట్టుకునే చిన్న డీఎన్‌ఏ తునకలు, అంటే ప్రైమర్లు, రెండూ ఏఏడీఏ లోపలివే. అంటే ఆ మొలకలో ఏఏడీఏ ఉంది అని తెలుస్తుంది, అది ప్లాస్టిడ్‌లో కూర్చుందా, దారి తప్పి న్యూక్లియస్‌లో అతుక్కుందా అనేది తెలియదు. ఒక ప్రైమర్ జన్యువు లోపల, రెండోది మనం పంపిన ముక్క దాటి బయట, ప్లాస్టిడ్ సొంత డీఎన్‌ఏ మీద పడేలా పెడితేనే సరైన చోట దిగిందని చెప్పగలం. ప్రైమర్లు కొనేటప్పుడు ఆర్డర్‌లో ఇంకో వరుస కలిపితే అయ్యే పని. ఇది అడిగినందుకు నన్ను కాస్త వింతగా చూశారు గానీ, టీ బ్రేక్‌లో మేడమ్ గారు వచ్చి "మీరన్నది నిజమేనండి, వచ్చే బ్యాచ్‌కి తెప్పిస్తాం" అన్నారు.

హోమోప్లాస్మీ, అంటే ప్లాస్టిడ్ డీఎన్‌ఏ కాపీలన్నీ కొత్తవే కావడం, గురించి ఒకే ఒక్క స్లైడ్. నా దృష్టిలో మొత్తం పనికి గుండెకాయ అదే. గన్ దెబ్బకి కణంలో ఉన్న పదివేల కాపీల్లో మారేది ఒకటో రెండో. మొదట వచ్చిన పచ్చ మొలకలో పాత డీఎన్‌ఏ, కొత్త డీఎన్‌ఏ కలగాపులగంగా ఉంటాయి. దాని ఆకుని మళ్ళీ కోసి, మళ్ళీ మందు మీద పెట్టి, మళ్ళీ మొలకలు తెప్పించి, ఇలా రెండు మూడు విడతలు చేస్తే గానీ పాత కాపీలు పూర్తిగా పోవు. స్లైడ్ మీద బాణం గుర్తులు చూసి ఎవరికీ ఎక్కలేదు. వెనక బెంచీ పెద్దాయన లేచి, "అంటే బాబూ, విత్తనాల మడిలో కేళీలు ఏరడమే కదా ఇది, నాలుగు వదిలేశావంటే మళ్ళీ ఏటికి మడంతా బెరుకే" అన్నారు. ఆయ్, సరిగ్గా అదే. కేళీలంటే మడిలో కలిసిపోయిన వేరే రకం మొక్కలు. మందు తీసేశాక ఒక్క పాత కాపీ మిగిలినా అది మళ్ళీ పుంజుకోవచ్చు, మొక్క వెనక్కి జారిపోతుంది. సార్ గారు ఆ మాట పట్టుకుని పాఠం అక్కడి నుంచి నడిపి ఉంటే ఎంత బాగుండేది, "బాగా చెప్పారు బాబాయ్ గారు" అని నవ్వేసి తర్వాత స్లైడ్‌కి వెళ్ళిపోయారు.

కేళీలు నిజంగా పోయాయా లేదా తేల్చడానికి సదరన్ బ్లాట్ చేయాలి, అంటే డీఎన్‌ఏని ముక్కలు చేసి సైజుల వారీగా విడదీసి మనకి కావాల్సిన ముక్కని గుర్తుపట్టే పరీక్ష. పాతదానికి ఒక సైజు బ్యాండ్, కొత్తదానికి ఇంకో సైజు. రెండూ కనిపిస్తే కలగలుపు, కొత్తదొక్కటే మిగిలితే పని అయినట్టు. పీసీఆర్ ఇక్కడ నమ్మదగ్గది కాదు, ఎందుకంటే మొక్కల న్యూక్లియస్‌లో ప్లాస్టిడ్ డీఎన్‌ఏ ముక్కలు ఎప్పటివో చేరి ఉంటాయి, అవి పాత బ్యాండ్ చూపించి మనల్ని కంగారు పెడతాయి. ఆఖరి పరీక్ష విత్తనాలది: గింజలు మందు మీద మొలకెత్తిస్తే ఒక్కటి కూడా తెల్లగా రాకూడదు. గన్ పేల్చిన దగ్గర నుంచి ఆ గింజ చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. ఇదంతా కోర్సులో ఇరికించమని నేనడగట్లేదు. పాత బ్యాచ్‌లవి రెండో విడత, మూడో విడత మొక్కలు పక్కపక్కన పెట్టి, ఒక బ్లాట్ ఫోటో చూపించి, ఒక ప్లేటు గింజలు మొలకెత్తించి ఉంచితే ఒక పూటలో అయిపోతుంది.

పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో "46 శాతం ప్రోటీన్!" అని ఉంది. ఆ అంకె నిజమే, 2001లో హెన్రీ డానియెల్ బృందం పొగాకు ప్లాస్టిడ్‌లో పురుగుల్ని చంపే బీటీ బాక్టీరియా క్రై2ఏఏ2 ప్రోటీన్‌ని, దానికి తోడుగా ఉండే జన్యువులతో సహా పెట్టి, కరిగే ప్రోటీన్‌లో 46 శాతం దాకా తెచ్చారు. జర్మనీలో రాల్ఫ్ బాక్ బృందం 2009లో ఇంకో ప్రోటీన్‌తో 70 శాతం దాటించింది కూడా. కానీ అవి పొగాకులో, ఆ ప్రోటీన్లకి వచ్చిన అంకెలు. ప్రతి జన్యువుకీ అంత రాదు. పైగా కొన్ని మనిషి ప్రోటీన్లకి చక్కెర తోక తగిలిస్తేనే పని చేస్తాయి, ఆ తగిలించే ఏర్పాటు ప్లాస్టిడ్‌లో లేదు. పోస్టర్‌లో ఇవేవీ ఉండవనుకోండి, పాఠంలోనైనా చెప్పాలి కదా.

పోస్టర్‌లో రెండో గొప్ప, "వరికి కూడా ఇదే పద్ధతి". ఇది చదివే మార్టేరు పెద్దాయన కూతుర్ని పంపారట. స్వర్ణ వరి రకం పుట్టిన ఊరి పక్కన ఉన్నవాళ్ళకి వరి అంటే ఆశ ఉండదా మరి. వరిలో ఇదే పద్ధతి అస్సలు కాదు. వరి ఆకు ముక్క నుంచి పొగాకులా మొలకలు రావు, గింజ నుంచి తెప్పించిన కాలస్ (ఆకారం లేని కణాల ముద్ద) మీద కొట్టాలి, అందులోని ప్లాస్టిడ్లు ఇంకా చిన్నవి, పచ్చబడనివి. స్పెక్టినోమైసిన్‌ని వరి పుట్టుకతోనే తట్టుకుంటుంది కాబట్టి ఆ ఏరివేతా కుదరదు, వేరే మందు వెతుక్కోవాలి. 1999 నుంచీ వరి ప్లాస్టిడ్‌లోకి జన్యువు పంపినవాళ్ళు ఉన్నారు, కానీ పాత కాపీలు పూర్తిగా పోగొట్టడం దగ్గరే బండి ఆగిపోయేది. ఇది చెప్పకుండా వరి బొమ్మ వేసి ఫీజు తీసుకోవడం నాకు నచ్చలేదు.

పెద్దాయన ఇంకోటి అడిగారు, "దీంతో సుడిదోమ పోతుందా బాబూ?" అని. సార్ గారు "పోతుందండీ, బీటీ పెట్టొచ్చు" అనేశారు. వరిలో బీటీ అంటే కాండం తొలిచే పురుగుకీ ఆకుముడతకీ పెట్టేది, దోమకి కాదు. పైగా ప్లాస్టిడ్‌లో తయారైన ప్రోటీన్ ఆకు కణంలోనే, ఆ ప్లాస్టిడ్ లోపలే ఉంటుంది. ఆకు నమిలే పురుగు తింటుంది, దుబ్బు మొదట్లో కూర్చుని రసం పీల్చే దోమ నోటికి అది ఎలా అందుతుంది? నేను కల్పించుకుని చెప్పాల్సి వచ్చింది, ఆయన "అదీ సంగతి" అని తల ఊపారు.

కడియం నర్సరీ ఆయన ప్రశ్న సూటిగా, "ఈ మొక్క మేం పెంచి అమ్ముకోవచ్చా అండీ?" దీనికి మాత్రం సరైన జవాబే ఇచ్చారు: కుదరదు, పర్యావరణ చట్టం కింద 1989 నిబంధనలు ఉన్నాయి, పొలానికో అమ్మకానికో రావాలంటే ఢిల్లీలో జన్యుమార్పిడి మొక్కల అనుమతులు చూసే జీఈఏసీ అనే కమిటీ దాకా వెళ్ళాలి. పుప్పొడి ద్వారా పక్క చేలకి అస్సలు పోదు కాబట్టి భయం లేదు అని కూడా కలిపారు, ఆ "అస్సలు" మాట ఎక్కువ. పొగాకులో ప్లాస్టిడ్లు తల్లి మొక్క నుంచే వస్తాయి, అందుకే ఈ పద్ధతికి అంత పేరు, నిజమే. కానీ లక్షల మొలకల్లో ఎక్కడో ఒకటి తండ్రి వైపు నుంచి తెచ్చుకుంటుందని 2007లో లెక్క కట్టి చూపించారు. చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు.

అనుమతుల మాట వచ్చింది కాబట్టి నేను ల్యాబ్ సంగతి అడిగాను. ఇలాంటి పని చేసే చోట ఐబీఎస్సీ, అంటే ఆ సంస్థ సొంత జీవభద్రత కమిటీ ఉండాలి. "ఒక కాలేజీ వాళ్ళ కమిటీ కింద చేస్తున్నాం" అన్నారు, కాగితం చూపించమంటే ఆఫీసులో ఉందన్నారు, అది ఆఫీసు నుంచి బయటికి రాలేదు. మీరెళ్తే మొదట ఇదే అడగండి. అయితే వాడిన ఆకులు, ప్లేట్లు అన్నీ ఆటోక్లేవ్‌లో వేసే పారేయడం నేను చూశాను, గుర్తుగా ఒక సీసా ఇంటికి పట్టుకెళ్తానన్న కుర్రాడికి గట్టిగా నో చెప్పారు. ఆ క్రమశిక్షణ ఉంది.

భోజనాల సంగతి రాయకపోతే గోదావరి జిల్లా మనిషిననిపించుకోను. ముద్దపప్పు, ఆవకాయ, ఒకరోజు పనసపొట్టు కూర, వంక పెట్టడానికి లేదు. కాఫీ మాత్రం నీళ్ళు. హాస్టల్ గదుల్లో దోమలు, కాయిల్ పట్టుకెళ్ళండి. సర్టిఫికెట్ మీద "ప్లాస్టిడ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ప్రావీణ్యం" అని రాసిచ్చారు, బయోడేటాలో పెట్టుకోవాలనుకునే పిల్లలకి నా సలహా, ఇంటర్వ్యూలో హోమోప్లాస్మీ ఎలా రుజువు చేశావని అడిగితే ఏం చెప్తారో ముందు ఆలోచించుకోండి.

మొన్న వాట్సాప్ గ్రూపులో మా బ్యాచ్ ప్లేట్ల ఫోటోలు పెట్టారు, ఆకు ముక్కలు చాలావరకు తెల్లబడ్డాయి, అక్కడక్కడా పచ్చటి మొగ్గలు కనిపిస్తున్నాయి. పిల్లలందరూ కంగ్రాట్స్ చెప్పుకున్నారు. వాటిని స్ట్రెప్టోమైసిన్ మీద పెట్టారా అని అడిగాను, మేడమ్ గారు "సోమవారం పోస్తున్నామండి" అన్నారు. ఎన్ని నిలబడ్డాయో తెలియగానే ఇక్కడే రాస్తాను, సగం నిలబడినా ఇంకో నక్షత్రం కలుపుతాను.